తమ్ముడి ఇత్తడి గోడ

కలకత్తా నుంచి వచ్చి చాలా కాలమైంది. వచ్చిన కొత్తలోనే రాయాలనుకున్నాను. మా వీధి ఆడవాళ్ళలో పూరీ దాటి పైకి వెళ్ళినవాళ్ళు లేరు. అక్కడేం తింటారు, ఎలా ఉంటారు అని అడిగిన వాళ్ళందరికీ నోటితో చెప్పాను గానీ కాగితం మీద పెట్టలేకపోయాను.

అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. మనవల్ని ఎత్తుకునే వయసులో, ఆడవాళ్ళకని సాయంత్రం పూట పెట్టిన బడిలో పలక పట్టాను. రాయడం నాకు ఎప్పుడూ నెమ్మదే. అయితే ఆలస్యానికి అసలు కారణం అది కాదు. కలకత్తాలో చివరి రోజు నేనొక మాట అన్నాను. నలుగురిలో తిరిగేటప్పుడు అది గుర్తుకు రాదు. కలం పట్టుకుంటే మాత్రం వచ్చి ఎదురుగా కూర్చుంటుంది.

మొన్న తమ్ముడు ఫోన్ చేసి, ఇంకా రాయలేదా అని అడిగాడు. లేదన్నాను.

"రాయప్పా. నా పేరు కూడా ఎయ్యి" అన్నాడు. మా వైపు అక్కను అప్ప అంటారు.

అందుకని ముందే వేస్తున్నాను. మా తమ్ముడి పేరు సింహాచలం. ఇందులో వచ్చే ఇత్తడి గోడ అతను చేసింది.

రైల్లో

పలాసలో ఎక్కాను. సంచిలో చింతపండు, కందిపప్పు, తాటి తేగలు, కాసిని జీడిపప్పులు. "పెద్ద పని ఒకటి అయిపోవచ్చింది. హోటలోళ్ళు అట్టుకెళిపోకముందు ఒచ్చి సూడప్పా" అని తమ్ముడు కబురు చేశాడు.

మాది ఇత్తడి పని చేసేవాళ్ళ వీధి. నాన్న బిందెలు, చెంబులు, గుండిగలు కొట్టేవాడు. స్టీలు వచ్చింది, తర్వాత ప్లాస్టిక్ వచ్చింది, వీధిలో సుత్తి చప్పుడు సన్నగిల్లింది. తమ్ముడు నాన్న సుత్తి సంచిలో వేసుకుని కలకత్తా వెళ్ళిపోయాడు. అక్కడ బిందెలు కాదు, కుర్చీలూ బల్లలూ గోడలకు తొడిగే రేకులూ కొడతాడని వినడమే. గోడకు ఇత్తడి తొడగడమేమిటో నా ఊహకు అందలేదు.

కిటికీ దగ్గర కూర్చుని ప్రతి స్టేషను పేరూ పైకి చదివాను. మందస. బారువ. సోంపేట. ఎదురుగా కూర్చున్నాయన నవ్వాడు. కలకత్తా వీధులు ఊడ్చే మునిసిపాలిటీ పనిలో ఉన్నాడట, మేనకోడలి పెళ్ళికి వచ్చి తిరిగి వెళ్తున్నాడు.

"సదివీయండమ్మా, సదివీయండి. ఇచ్ఛాపురం దాటితే మన అచ్చరం కనబడదు. నానైతే పుట్టినకాడనుంచీ అక్కడే ఉన్నాను. బోర్డు సూసి ఏనాడూ దిగనేదు. వాసన బట్టి దిగతాను" అన్నాడు.

"వాసనేమిటి బాబూ?"

"సేపల బజారొకటి, తోళ్ళ గోదామొకటి, తరవాత మా ఇల్లు."

అతని భార్య మోచేత్తో పొడిచింది. "మా ఇల్లు కూడా వాసనేనేటి?"

ఇచ్ఛాపురం దాటాక ఒరియా అక్షరాలు మొదలయ్యాయి. గుండ్రంగా, చూడ్డానికి మనవాటికి చుట్టాల్లా ఉన్నాయి గానీ ఒక్కటీ పలకరించలేదు. ఆ తర్వాత బయటికి చూడ్డం మానేసి పడుకున్నాను.

హౌరా

తమ్ముడు స్టేషనుకు వచ్చాడు. జుట్టు నెరిసింది. రెండు చేతులూ మణికట్ల దాకా నల్లగా, కడిగినా పోని నలుపు. "ఏటిరా ఇది?" అంటే "మందప్పా. ఇత్తడిని నల్లసేసే మందు" అన్నాడు. ఇత్తడిని ఎవరైనా తెల్లగా తోముతారు, నల్లగా చేయడమేమిటని మనసులో అనుకున్నాను.

బయట అడుగుపెట్టగానే ఎన్ని బోర్డులో! గోడల మీద, బస్సుల మీద, ఎర్రజెండాల కింద పరిచిన గుడ్డల మీద అన్నీ రాతలే. అక్షరాలన్నీ పైన ఒక గీతను పట్టుకుని వేలాడుతున్నాయి. అన్నేళ్ళకు చేతికొచ్చిన చదువు స్టేషను గుమ్మంలోనే మళ్ళీ పోయినట్టయింది. బస్సు ఎక్కడికి వెళ్తుందో తమ్ముణ్ణి అడిగాను, పలక పట్టకముందు మా ఊళ్ళో అందర్నీ అడిగినట్టే.

టీ మట్టిముంతలో ఇచ్చారు. తాగి అందరూ ముంతను నేలకేసి కొట్టారు. నాకు చెయ్యి రాలేదు. చక్రం మీద తిప్పి, ఎండబెట్టి, కాల్చిన ముంత. ఒక్క టీకేనా? కడిగి సంచిలో వేసుకున్నాను. ఇంటికెళ్ళాక మరదలు పార్వతి దాన్ని చూసి పడీ పడీ నవ్వింది. "ఓలమ్మా, వదిన భాండ్ తెచ్చుకుంది! ఇక్కడే ఉంటే రోజుకొకటి తెచ్చి గోడ కట్టీగలదు."

ఏక్‌బాల్‌పూర్

వాళ్ళుండేది రేవుకు దగ్గర్లో, ఒకే గది. ఆ సందులో మన శ్రీకాకుళం వైపు వాళ్ళే పదిహేను కుటుంబాలు ఉంటాయి, సగం మంది డాక్‌లో పనివాళ్ళు. పార్వతి ఇక్కడే పుట్టింది. దాని తెలుగులో బెంగాలీ, హిందీ కలిసిపోయి ఉంటాయి. మాట్లాడితే బాగుంటుంది గానీ సగం నేను మొహం చూసి అర్థం చేసుకున్నాను.

అన్నీ ఆవనూనెతో వండుతారు. మొదటి పూట ముక్కు మూసుకున్నాను. "మూసుకో, మూసుకో. మూడోనాడు నువ్వే అడుగుతావు" అంది పార్వతి. నిజమే, అడిగాను. వాళ్ళ ఇలిష్ చేప మన గోదావరి పులసే. మనవాళ్ళు చింతపులుసు పెడతారు, వీళ్ళు ఆవాలు నూరి పోస్తారు. బజారులో దాని ధర విని వెనక్కి తగ్గాను. పార్వతి మాత్రం వెనక్కి తగ్గలేదు. అరగంట బేరమాడి, ఆ చేపలమ్మినాయనతో చుట్టరికం కలిపి, చివరికి తల వైపు ముక్క ఒకటి ఊరికే వేయించుకుంది.

మర్నాడు బంద్. ఎందుకని అడిగితే ఎవరికీ సరిగ్గా తెలీదు. బస్సు లేదు, ట్రామ్ లేదు, నడివీధిలో కుర్రాళ్ళు క్రికెట్. మా ఊళ్ళో పండగకు కూడా అంత తీరిక కనపడదు. ఆ తీరికలో పార్వతి దేవుడి పటం వెనక నుంచి ఒక పెళ్ళికార్డు తీసింది. "ఊరినుంచి ఒచ్చింది వదినా. ఎవులదో, ఎప్పుడో మాకు తెల్దు. మీ తమ్ముడికి సదువు నేదు, నాకు తెలుగు అచ్చరాలు రావు." పక్కింటివాళ్ళు కూడా వచ్చి చుట్టూ కూర్చున్నారు. వధువు, వరుడు, వాళ్ళ తల్లిదండ్రులు, అన్నీ గట్టిగా చదివాను. ముహూర్తం దగ్గర ఆగాను.

"ఎప్పుడట?"

"పోయిన గురువారం."

అందరూ నవ్వారు. తమ్ముడు మాత్రం నవ్వలేదు. "మా అప్ప సదివీసినాది సూసినారా! ఎక్కడా తడబడనేదు" అని అందరి వంకా తిరిగి చెప్పాడు. ఆ మొహం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

బాలీగంజ్‌లో షోరూమ్

బస్సు పడదు నాకు. కడుపులో తిప్పకుండా ఉప్పు కలిపిన చింతపండు ఉండ ఒకటి కొంగున కట్టుకుని బయల్దేరాను.

షోరూమ్ గుమ్మంలో కాపలా ఆయన ఒకరు, అందరూ దాదా అంటారు, అన్నయ్యా అని. వచ్చేపోయేవాళ్ళంతా ఆయన దగ్గరున్న పుస్తకంలో సంతకం చేయాలి. నన్ను చూసి, వేలిముద్రకు సిరా ఎక్కడ ఉందా అని వెతుకుతున్నాడు. నేను కలం అందుకుని నా పేరు ఇంటిపేరుతో సహా తెలుగులో వేశాను. రెండు గళ్ళు పట్టాయి. దాదా కళ్ళు పెద్దవి చేసి "బాహ్, మాషీమా!" అన్నాడు. పిన్నమ్మా అని. లోపలికి వెళ్తుంటే నేలకు రెండంగుళాలు పైన నడిచినట్టుంది.

లోపల చల్లగా, సగం చీకటిగా ఉంది. ఒక్కొక్క వస్తువు మీద ఒక్కొక్క దీపం. కర్రకు ఇత్తడి రేకు తొడిగిన కుర్చీలు, రాగి పలక పరిచిన బల్లలు, తామరాకుల్లా వంచిన రేకులతో మంచం తలాపి. వేలు పెడితే సుత్తి దెబ్బ దెబ్బా తెలుస్తుంది. నాన్న బిందె మెడ కొట్టే దెబ్బ ఒకటుంది, చిన్నగా, దగ్గర దగ్గరగా, చేప పొలుసు వరసలా. ఆ దెబ్బ కలకత్తాలో ఒక కుర్చీ చేతి మీద కనిపించింది. కాసేపు అక్కడే నిలబడ్డాను.

ప్రతిదాని పక్కనా ఒక చిన్న ఇంగ్లీషు చీటీ. "నీ పేరేదిరా?" అన్నాను.

"మన పేర్లు ఎయ్యరప్పా. షోరూమ్ పేరే."

అందులో వింతేమీ లేదు. నాన్న చేసిన బిందెల మీద కూడా కొన్నవాళ్ళ పేరే చుక్కలు చుక్కలుగా కొట్టించేవారు, నాన్న పేరు ఎప్పుడూ లేదు.

వెనక హాల్లో ఉంది గోడ. ఈ మూల నుంచి ఆ మూల దాకా ఇత్తడి. నల్లగా, అక్కడక్కడా ఆకుపచ్చగా, వానాకాలం చెరువులా ఉంది. ఒక్కచోట కూడా రేకు వేరే రేకుతో అతికినట్టు లేదు. తమ్ముడు దీపం స్విచ్చి వేసి పక్కకు జరిగి నిలబడ్డాడు.

"రేకు ఎక్కడిదిరా?"

"పాత బిందెలప్పా. మనవైపునుంచే ఒస్తాయి, బస్తాలకి బస్తాలు. కోసి, కాల్సి, సాపు సేసి కలపడమే."

స్టీలు గిన్నెలకు మార్చుకున్న మన బిందెలు. మా ఇంట్లోవీ అలాగే పోయాయి. ఎక్కడికి పోతాయో అప్పుడు ఎవరం అనుకోలేదు.

తమ్ముణ్ణి ఎవరో పిలిస్తే అవతలికి వెళ్ళాడు. నేను దగ్గరికి వెళ్ళి చూశాను. నలుపు కింద ఒకచోట చుక్కలు తగిలాయి. వేలితో తడిమాను. వంపు తిరిగి, మళ్ళీ వంపు తిరిగి, పైన తలకట్టు. కలకత్తాలో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ అన్ని వేల అక్షరాల మధ్య ఒక్కటీ నాది కాలేదు. ఇక్కడ గోడలో ఒకటి నా వేలి కింద ఉంది. ఇంకేమీ ఆలోచించలేదు. నల్లబడ్డ ఇత్తడిని చూస్తే మా ఆడవాళ్ళ చేతులు ఏం చేస్తాయో అదే చేశాయి. కొంగు ముడి విప్పి, చింతపండు తీసి రుద్దాను.

పసుపు తేలింది. అక్షరాలు తేలాయి. ఒక ఆడమనిషి పేరు, ఊరి పేరు. మా వైపు ఊరే. ఆ పేరు నాలో నేను చదువుకున్నాను. ఇక్కడ రాయను.

"అప్పా!"

తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు. అరచెయ్యంత మేర గోడ తళతళ మెరుస్తోంది. అతను నా చెయ్యి పట్టుకుని ఆపాడు. కోప్పడలేదు. "పేర్లు ఎవులి కళ్ళా పడకూడదనే అన్నీ కప్పినానప్పా" అన్నాడు మెల్లగా.

అప్పుడు చూశాను. సుత్తి దెబ్బ అక్షరాల చుట్టూ ఉంది గానీ అక్షరాల మీద ఒక్కటీ లేదు. నాన్న పద్ధతి అది. పేరు మీద సుత్తి పడకూడదు. పాత బిందె కరిగించడానికి వస్తే నాన్న పేరున్న ముక్క కోసి ఆ ఇంటికే తిరిగి ఇచ్చేవాడు.

ఇంతలో షోరూమ్ యజమానురాలు మెట్లు దిగుతూ వచ్చింది. అందరూ ఆమెను దీదీ అంటారు. ఎక్కడికో వెళ్ళే తొందరలో ఉంది. గోడ చూసి ఆగిపోయింది. తమ్ముడు తల దించుకుని ఏదో చెప్పాడు. తిడుతుందనుకున్నాను. ఆమె మెరిసే చోట గోటితో తట్టి, నవ్వి, గబగబా నాలుగు మాటలు చెప్పి కారెక్కింది. నాకు ఆ నవ్వే భయమనిపించింది.

ఆ సాయంత్రం

ఇంటికి చేరాక తమ్ముణ్ణి అడిగాను.

"ఏమందిరా?"

"రేపు పొద్దున్న హోటలోళ్ళు ఒస్తారట. పేర్లన్నీ తోమీసి బయటికి తియ్యాలట. సదివినోళ్ళనెవులినైనా తీసుకొస్తే, ఏ బిందె ఏ ఊరి ఆడమనిసిదో ఇంగిలీసులో పలకమీద రాయిస్తాదట." కాస్త ఆగి అన్నాడు. "కింద నా పేరూ ఏస్తాదట. కొట్టినోడు సింహాచలం అని."

పార్వతి విని చేతిలో గరిటె వదిలేసింది. "మరింకేటి? వదినకి సదువొచ్చు! పేరుంటే రేపు ఇంకో షోరూమోడు పిలుస్తాడు."

"ఆ గోడ హోటల్లో ఏ గదికిరా?" అన్నాను.

"తాగే గదికి."

"అయితే ఏటి?" అంది పార్వతి. "తాగినోళ్ళు తెలుగు సదువుతారేటి? సక్కగా నిలబడ్డమే రాదు ఆళ్ళకి."

"ఇంగిలీసులో రాస్తారంట కాదేటి" అన్నాడు తమ్ముడు.

పార్వతి వదిలేసిన గరిటె తీసుకుని పొయ్యి వైపు తిరిగింది. నేను ఆ బిందె మనిషి గురించి ఆలోచించాను. పుట్టింటివాళ్ళు కొట్టించి ఇచ్చిన పేరు. నీళ్ళు మోసి ఉంటుంది, ఎప్పుడో గిన్నెలకు మార్చుకుని ఉంటుంది. తన పేరు ఎక్కడ వేలాడబోతోందో ఆమెను అడిగినవాళ్ళు లేరు.

"నాన్నైతే ముక్క కోసి ఇంటికిచ్చీసీవోడు" అన్నాడు తమ్ముడు. "ఇక్కడ ఏ ఇంటికిచ్చీది?"

"నీకేం కావాలిరా?"

"నాకేటి కావాలప్పా. నువ్వెలగంటే అలగే."

అన్నాలు తిన్నాక పార్వతి గిన్నెలు కడుగుతోంది. తమ్ముడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "సింహాచలం అని మన అచ్చరాల్లో ఎలగ రాస్తారప్పా?" అన్నాడు. ముగ్గుపిండి ఉంటే నేల మీద పెద్దగా రాసి చూపించాను. గుడి దగ్గర, సున్న దగ్గర వేలు పెట్టి అడిగాడు. తర్వాత ఆ నల్లటి వేలితోనే దాని మీద నుంచి మెల్లగా దిద్దాడు. ఒకసారి దిద్ది, మళ్ళీ మొదటికొచ్చాడు.

అక్కడే నేను అడగవలసింది, నీకు కావాలి కదూ అని. అడగలేదు.

మర్నాడు పొద్దున్న

కలకత్తాలో అది నా చివరి రోజు. షోరూమ్‌కు మేము వెళ్ళేసరికే హోటల్ వాళ్ళు ఇద్దరు వచ్చి ఉన్నారు. దీదీ కొత్త చీరలో ఉంది. గోడ పక్కన మేకుకు అప్పుడే ఒక చిన్న ఇత్తడి పలక తగిలించింది. దాని మీద ఇంకా ఏమీ చెక్కలేదు. నేను రుద్దిన చోటు దీపం కింద మెరుస్తోంది. ఆమె నన్ను చూసి, తమ్ముణ్ణి ఏదో అడిగింది.

తమ్ముడు నా వైపు తిరిగాడు. "నీకు సదువొచ్చా అని అడగతన్నాది."

గొంతులో ఏమీ లేదు, బస్సు టిక్కెట్టు అడిగినట్టు అడిగాడు. నేను ఆ పేరు వంక చూశాను. తర్వాత ఖాళీ పలక వంక చూశాను.

"రాదని చెప్పు" అన్నాను. "నాకు చదువు రాదు."

తమ్ముడు నన్ను చూశాడు. పెళ్ళికార్డు చదివిన రోజు చూసిన కళ్ళే. ఒక్క క్షణం, అంతే. తిరిగి దీదీకి బెంగాలీలో చెప్పాడు. నేను అన్నదానికంటే ఒక్క మాట ఎక్కువ గానీ తక్కువ గానీ చెప్పినట్టు లేదు.

దీదీ పెదవి విరిచింది. హోటల్ మనిషి మెరిసే చోటు చూపించి, చదివి చెప్పేవాళ్ళు లేకపోతే అది మరకలా ఉందన్నాడట. నల్లగా చేసేయమంది దీదీ. మేకు మీది పలక తీసి చేతిసంచిలో వేసుకుంది. పొద్దున్నే అంత ముచ్చటపడి తగిలించిన పలక! తీసేటప్పుడు చూడను కూడా చూడలేదు.

తమ్ముడు కుంచెతో మందు పూశాడు. ఇత్తడి చూస్తుండగానే ఎర్రబడి, గోధుమరంగై, నల్లబడింది. మసి కలిపిన మైనం నా చేతికిచ్చాడు. "రుద్దప్పా" అన్నాడు. గుడ్డతో రుద్దాను, అది చాలకపోతే బొటనవేలితో అద్దాను. చివరి అక్షరం కింది చుక్క దాకా నేనే కప్పాను. అయిపోయాక గోడంతా ఒకటే చెరువు.

బయటికి వెళ్ళేటప్పుడు దీదీ, హోటల్ వాళ్ళు గుమ్మం దాకా మాతోపాటే వచ్చారు. కాపలా దాదా పుస్తకం తెరిచి, నవ్వుతూ కలం నా ముందుకు చాపాడు. "మాషీమా" అన్నాడు.

దీదీ నా వెనకే ఉంది. తమ్ముడు వీధి వైపు తిరిగి నిలబడ్డాడు.

నేను కలం తీసుకోలేదు. మసి ఇంకా తడిగానే ఉంది. ఆ బొటనవేలు పుస్తకంలో నొక్కాను. దాదా దాన్ని చూసి, నన్ను చూసి, పుస్తకం మూసేశాడు.